అరచేతిలో ముఖం: 17వ శతాబ్దపు ఇంగ్లండ్ మినియేచర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో ఉన్నన్నాళ్ళూ ఖాళీ దొరికిన ఆదివారమల్లా విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మినియేచర్లు పెట్టిన గదికి వెళ్ళేవాడిని. ఆ ఫోటోలు ఫోన్‌లో చూపించినప్పుడల్లా చుట్టాలూ స్నేహితులూ అడిగే ప్రశ్నలు కొంచెం అటూఇటూగా ఇవే. విడివిడిగా చెబుతుంటే సగం మర్చిపోతున్నాను, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

మినియేచర్ అంటే చిన్న బొమ్మ అనేగా అర్థం?

ఇప్పుడు అలాగే వాడుతున్నాం కానీ ఆ మాట పుట్టింది చిన్నదనం నుంచి కాదు, ఒక రంగు నుంచి. లాటిన్‌లో మినియం అంటే మనం గంగసింధూరం అంటామే, సీసం నుంచి తీసే ఆ నారింజ కలిసిన ఎరుపు, అదీ. అచ్చుయంత్రం రాకముందు యూరప్ మఠాల్లో చేతిరాత పుస్తకాలకి ఆ ఎరుపుతో అక్షరాలూ అంచులూ దిద్దేవాళ్ళు. ఆ పుస్తకాల్లో వేసే బొమ్మలు ఎలాగూ చిన్నవే కాబట్టి మాట మెల్లగా 'చిన్నది' అనే అర్థంలోకి జారిపోయింది.

17వ శతాబ్దం ఇంగ్లండ్‌లో మామూలుగా వాడిన మాట వేరు. ఆ పనిని లిమ్నింగ్ అనేవాళ్ళు, చేసేవాడిని లిమ్నర్ అనేవాళ్ళు. అదీ పుస్తకాలకి రంగులద్దే పని నుంచి వచ్చిన మాటే. అంటే గోడకి తగిలించే పెద్ద బొమ్మని కుదించి చిన్నది చేయడం వల్ల ఈ కళ రాలేదు, పుస్తకం పేజీలో ఉన్న బొమ్మ బయటికి వచ్చి లాకెట్‌లో కూర్చుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. పుస్తకాన్ని చేతిలో పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టుకుని, ఒంటరిగా చదువుతాం. మినియేచర్‌నీ అలాగే చూడాలి.

ఎంత సైజులో ఉంటాయి?

చాలావరకు ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు, కోడిగుడ్డు ఆకారం. ఉంగరంలో ఇమిడేవీ ఉన్నాయి. కేబినెట్ మినియేచర్ అని నిలువెత్తు మనిషిని చూపించే కొంచెం పెద్ద దీర్ఘచతురస్రాలు కూడా వేశారు గానీ అవి తక్కువ.

దేని మీద వేసేవాళ్ళు? రంగులేవి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. వేసేది వెల్లం మీద, అంటే పల్చగా గీకి నున్నగా చేసిన దూడ చర్మం మీద. అది ఊరికే ముడుచుకుపోతుంది కాబట్టి వెనక గట్టిగా ఏదైనా ఉండాలి, దానికి వాళ్ళు వాడింది పేకముక్క! మనం రమ్మీ ఆడే ముక్కలాంటిదే. పిండి జిగురుతో చర్మాన్ని ముక్కకి అతికించి, వెనక నుంచి నున్నటి రాయితో రుద్ది, కావాల్సిన ఆకారంలో కత్తిరించేవాళ్ళు. అందుకే ఇవాళ మ్యూజియం వాళ్ళు ఏదైనా మినియేచర్‌ని చట్రం నుంచి తీసి తిప్పితే వెనక ఆఠీనో ఇస్పేటో కనిపిస్తుంది. ముందు వైపు దొరగారు, వెనక వైపు పేకాట.

రంగుల్ని నీళ్ళతో నూరి తుమ్మబంక కలిపేవాళ్ళు. బంక ఒక్కటే అయితే ఆరాక పెళుసెక్కి పెచ్చులు లేస్తుందని అందులో కాస్త పటికబెల్లం కూడా వేసేవాళ్ళు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది, ఎందుకంటే తుమ్మబంకా పటికబెల్లమూ రెండూ మా వీధి చివర పచారీ కొట్లో దొరుకుతాయి. నూరిన రంగుల్ని ఆల్చిప్పల్లో ఉంచుకునేవాళ్ళు. తెలుపు సీసం నుంచి, నలుపు చెర్రీ గింజల్నో దంతం ముక్కల్నో కాల్చి చేసిన బొగ్గు నుంచి, ఒక రకం నీలం నీలిమందు నుంచి. లేక్ అని పిలిచే పారదర్శకమైన ఎరుపు రంగులు ఒక కుటుంబంగా ఉన్నాయి, ఆ పేరు మన లక్క నుంచి పోయిందే. కుంచె ఉడత వెంట్రుకలది, ఈక గొట్టంలో బిగించినది.

పని మొదలయ్యేది ముఖం రంగుతో. దాన్ని కార్నేషన్ అనేవాళ్ళు. పాలిపోయిన ముఖానికి ఒకటి, గులాబీ రంగుకి ఒకటి, కాస్త చామనఛాయకి ఒకటి, ఇలా రకరకాల పూతలు పూసిన ముక్కలు ముందే సిద్ధంగా పెట్టుకునేవాళ్ళు. బొమ్మ వేయించుకునే మనిషి వచ్చి కూర్చోగానే ముఖం ఒకసారి చూసి, సరిపోయే ముక్క తీసి, దాని మీద సన్నటి గీతలతో కళ్ళూ ముక్కూ నోరూ తెచ్చేవాళ్ళు. మామూలుగా ఒక మనిషి రెండు మూడుసార్లు వచ్చి కూర్చోవాలి. మొదటిసారి ముఖం పోలిక, తర్వాత అసలు పని, చివరిసారి మెరుగులు.

ఎలిజబెత్ రాణి కాలంలో పేరు తెచ్చుకున్న చిత్రకారుడు నికొలస్ హిలియార్డ్ నగలు వేసే తీరు ఒక్కటి చెప్పి ఈ జవాబు ఆపుతాను. అతను కంసాలి పని నేర్చుకున్నవాడు. కెంపు వేయాలంటే ఎర్ర రంగు చుక్క పెట్టి వదిలేయడు. ముందు వెండి పొడి చుక్క పెట్టి, స్టోట్ అనే ముంగిస లాంటి చిన్న జంతువు పన్నుతో దాన్ని మెరిసేదాకా రుద్ది, దాని మీద ఎర్ర రంగు కలిపిన జిగురు బొట్టుని వేడి సూదితో వదిలేవాడు. వెలుతురు ఆ బొట్టులోంచి దూరి, కింద వెండికి తగిలి, తిరిగి పైకి వస్తుంది. నిజం కెంపుని బంగారంలో పొదిగేటప్పుడు కింద రేకు పెడతారు చూడండి, అదే సూత్రం, కాకపోతే ఆవగింజంత జాగాలో. భూతద్దంతో చూసినప్పుడు ఆ బొట్టు ఉబ్బెత్తుగా, నిజంగా రాయిలాగే కనిపించింది నాకు. లేసు కాలర్ కూడా అంతే, చిక్కటి తెలుపుని చుక్కలు చుక్కలుగా వదిలితే అది ఆరి, పక్క నుంచి వెలుతురు పడ్డప్పుడు తన నీడ తనే వేసుకుంటుంది.

పట్టు బట్టలు కట్టుకుని బొమ్మలు వేసేవాళ్ళని విన్నాను, నిజమా?

కనీసం అలా వేయమని హిలియార్డ్ 1600 ప్రాంతంలో రాసి పెట్టాడు. నూలు, ఉన్ని బట్టల నుంచి పీచు రాలుతుంది, పట్టు నుంచి రాలదు కాబట్టి. తల్లోంచి చుండ్రు రాలకుండా చూసుకోమన్నాడు, రంగు మీద తుంపర పడకుండా మాట్లాడేటప్పుడు జాగ్రత్త అన్నాడు, బొగ్గు పొగ, దుమ్ము, చెడు వాసన ఉన్న గదిలో కూర్చోవద్దన్నాడు. చాదస్తంగా అనిపించొచ్చు గానీ కన్ను సైజు రెండు మిల్లీమీటర్లు ఉన్న బొమ్మ మీద ఒక్క దుమ్ము రేణువు పడితే ఆ మనిషికి పువ్వు పడ్డ కన్ను వచ్చినట్టే.

అంత చిన్నగా ఎందుకు వేయించుకోవడం? డబ్బున్నవాళ్ళే కదా, పెద్దదే వేయించుకోవచ్చుగా?

పెద్దవీ వేయించుకున్నారు. రెండింటి పని వేరు. హాల్లో తగిలించిన పెద్ద బొమ్మ వచ్చేపోయేవాళ్ళందరికీ, మా వంశం ఇదీ, మా హోదా ఇదీ అని చెప్పడానికి. మినియేచర్ ఒక్కరి కోసం. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పంపడానికి, ఊరెళ్ళే భర్త దగ్గర ఉంచుకోవడానికి, రాజు తన మనిషి అనుకున్నవాడికి ఇవ్వడానికి, పోయినవాళ్ళని తలుచుకోవడానికి. బంగారు పెట్టెలో పెట్టి, మూత వేసి, మెళ్ళోనో నడుముకో కట్టుకునేవాళ్ళు. మూత తెరవాలా వద్దా, ఎవరికి తెరిచి చూపించాలి అన్నది ఆ మనిషి ఇష్టం. అసలు సంగతంతా ఆ మూతలోనే ఉందని నా నమ్మకం.

దీనికి ఎడ్వర్డ్ హెర్బర్ట్ రాసుకున్న స్వీయచరిత్రలో ఒక ఘట్టం ఉంది. ఇతను తర్వాత లార్డ్ హెర్బర్ట్ ఆఫ్ చెర్బరీ అయ్యాడు, తత్వశాస్త్రం కూడా రాశాడు. జేమ్స్ రాజు కాలంలో సర్ జాన్ అయర్స్ అనే ఆయన భార్య, విలియం లార్కిన్ వేసిన హెర్బర్ట్ బొమ్మకి నకలు ఎలాగో సంపాదించి, బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఉండే ఐజక్ ఆలివర్‌కి ఇచ్చి చిన్నగా వేయించుకుంది. బంగారంలో ఎనామెల్ పనితో పొదిగించి, ఎవరికీ కనపడనంత కిందకి, రొమ్ముల మధ్య దాచుకునేలా మెళ్ళో వేసుకుంది. ఒకరోజు హెర్బర్ట్ ఆమె గదికి వెళ్తే మంచం తెరల సందులోంచి కనిపించిందట, ఆవిడ పడుకుని ఒక చేతిలో కొవ్వొత్తి, ఇంకో చేతిలో ఆ బొమ్మ పట్టుకుని చూస్తోంది. ఇతన్ని చూడగానే కొవ్వొత్తి ఊదేసి బొమ్మ దాచేసింది. ఇద్దరి మధ్యా తప్పేమీ లేదని హెర్బర్ట్ గట్టిగా రాసుకున్నాడు. భర్త మాత్రం నమ్మలేదు, మనుషుల్ని వెంటేసుకుని వైట్‌హాల్ దగ్గర నడివీధిలో హెర్బర్ట్ మీద పడ్డాడు, కత్తి విరిగినా హెర్బర్ట్ పోరాడి బయటపడ్డాడు.

ఇదే హెర్బర్ట్ బొమ్మ గోడ మీద ఉండి ఉంటే గొడవే లేదు. కొవ్వొత్తి వెలుగులో చేతిలో పట్టుకుని చూసుకునే వస్తువు కాబట్టే కత్తుల దాకా వెళ్ళింది.

ముఖ్యమైన చిత్రకారులు ఎవరు?

హిలియార్డ్ 1547 ప్రాంతంలో ఎక్సెటర్‌లో కంసాలి ఇంట్లో పుట్టాడు. పేరు తెచ్చుకున్నది ఎలిజబెత్ రాణి కాలంలో, అయినా 1619 దాకా బతికాడు. తన బొమ్మ వేసేటప్పుడు ముఖం మీద నీడలు పడకుండా రాణి తోటలో ఆరుబయట కూర్చుందని అతనే రాశాడు. అందుకే అతని ముఖాల్లో నీడ దాదాపు ఉండదు, అంతా గీతే, వెనక గాఢమైన నీలం, అంచున బంగారు అక్షరాల్లో వయసూ సంవత్సరమూ. 1617లో జేమ్స్ రాజు తన బొమ్మలు చేసే గుత్త హక్కు 12 ఏళ్ళకి అతనికే రాసిచ్చాడు. అదే సంవత్సరం ఇంకొకరి అప్పుకి హామీ ఉన్న పాపానికి లడ్‌గేట్ జైలుకి కూడా వెళ్ళాడు. అంత గొప్ప చేతికి చివరిదాకా డబ్బు ఇబ్బందులే, చదివినప్పుడల్లా బాధేస్తుంది.

ఐజక్ ఆలివర్ అతని శిష్యుడే, ఫ్రాన్స్‌లో మతగొడవల నుంచి ఇంగ్లండ్ వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబం. చుక్కలు చుక్కలుగా నీడలు పెట్టి ముఖానికి గుండ్రదనం తెచ్చాడు. అతని కొడుకు పీటర్ ఆలివర్ మొదటి చార్లెస్ రాజు దగ్గరున్న ఇటాలియన్ పెద్ద చిత్రాలకి చిన్న నకళ్ళు వేశాడు. జాన్ హాస్కిన్స్‌కి 1640లో చార్లెస్ ఏడాదికి 200 పౌండ్ల భత్యం ఇస్తానన్నాడు, రెండేళ్ళకే రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. థామస్ ఫ్లాట్‌మన్ కవి కూడా. నికొలస్ డిక్సన్, పీటర్ క్రాస్ శతాబ్దం చివరివాళ్ళు. వీళ్ళందరిలోకీ నా దృష్టిలో పెద్దవాడు సామ్యూల్ కూపర్, అతని గురించి విడిగా చెప్పాలి.

సామ్యూల్ కూపర్‌లో ఏముంది అంత?

హాస్కిన్స్ మేనల్లుడు, మామ దగ్గరే పెరిగి పని నేర్చుకుని మామని మించిపోయాడు. లండన్ కోవెంట్ గార్డెన్‌లో హెన్రియెటా వీధిలో ఉండేవాడు, వీణలాంటి ల్యూట్ వాయించేవాడు, 1672లో పోయాడు. అతని చేతిలో మినియేచర్ నగ కావడం మానేసి మనిషి అయింది.

అతని క్రాంవెల్ చూడండి. 1650 ప్రాంతంలో వేసింది, సగంలో ఆపేసింది. ముఖం ఒక్కటే పూర్తయింది, భుజాలు నాలుగు గీతలు, మిగతాదంతా ఖాళీ చర్మం. రాజు తల తీయించిన మనుషుల్లో ముందున్నవాడు, సైన్యాన్ని నడిపినవాడు, ఆ ముఖంలో అధికారం ఏమీ లేదు. నుదుటి మీద జుట్టు పల్చబడి నాలుగు పోగులు అడ్డంగా పడి ఉన్నాయి. కింది పెదవి కింద పులిపిరి. కళ్ళు అలిసిపోయి ఉన్నాయి, మనల్ని చూడటం లేదు. దీన్ని ఎవరికీ అమ్మడానికి వేయలేదు, ఇలాంటిది ఒకటి తన దగ్గర ఉంచుకుని దాన్ని చూసి కావాల్సినన్ని నకళ్ళు తీయడం కూపర్ పద్ధతి. మెరుగులు దిద్దక ముందరి చూపు అది, అందుకే అంత నిజంగా ఉంటుందని నాకనిపిస్తుంది.

పదేళ్ళు తిరిగేసరికి రాజులు తిరిగొచ్చారు. కూపర్ అదే కుర్చీలో, అదే కుంచెతో, తల పోయిన రాజు కొడుకు రెండో చార్లెస్‌ని వేశాడు. 1662 జనవరి 10న కొత్త నాణేల కోసం రాజు ముఖం గీస్తుంటే తాను కొవ్వొత్తి పట్టుకున్నానని జాన్ ఈవ్లిన్ డైరీలో రాశాడు, నీడలు బాగా తెలుస్తాయని కూపర్ కావాలనే రాత్రి పూట పెట్టుకున్నాడట. హిలియార్డ్ నీడల్ని తప్పించుకోవడానికి రాణిని తోటలో కూర్చోబెట్టాడు, కూపర్ నీడల్ని వెతుక్కోవడానికి రాజుని రాత్రి కూర్చోబెట్టాడు. ఈ రెంటి మధ్యా నూరేళ్ళు కూడా లేవు.

అంతర్యుద్ధంలో ఈ పని ఆగిపోలేదా?

ఆగలేదు, ఇంకా పెరిగింది. యుద్ధానికి వెళ్ళేవాడి ముఖం ఇంట్లో ఉండాలి కదా. 1649 జనవరి 30న చార్లెస్‌కి శిరచ్ఛేదం చేశాక అతని ముఖం ఉన్న ఉంగరాలూ లాకెట్లూ అభిమానుల ఇళ్ళల్లో రహస్యంగా తిరిగాయి, మూత వేస్తే ఏమీ తెలియదు కాబట్టి ప్రమాదం తక్కువ. 1651లో రెండో చార్లెస్ స్కాట్లండ్‌లో తిరుగుతున్నప్పుడు తనవాళ్ళకి పంచడానికి డేవిడ్ డెస్ గ్రాంజెస్‌తో 13 మినియేచర్లు చేయించుకున్నాడు. ఆ డబ్బు, 76 పౌండ్లు, ఇప్పించమని పాపం ఆ చిత్రకారుడు 1671లో, ముసలితనంలో, అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళ బాకీ!

ధర ఎంత ఉండేది?

1668లో, డైరీ రాసి పేరు తెచ్చుకున్న లండన్ అధికారి సామ్యూల్ పీప్స్ తన భార్య ఎలిజబెత్ బొమ్మ కూపర్‌తో వేయించి 30 పౌండ్లు ఇచ్చాడు. పైన స్ఫటికం, బంగారు పెట్టె విడిగా 8 పౌండ్ల 3 షిల్లింగుల 4 పెన్నీలు. పీప్స్ ఇంట్లో పనిమనిషికి ఏడాది జీతం మూడు నాలుగు పౌండ్లు ఉండేది, దాన్ని బట్టి లెక్క వేసుకోండి. కూపర్ రేటు అందరికీ లేదు. ఊళ్ళలో తిరిగే మామూలు చిత్రకారులు చాలా తక్కువకే వేసేవాళ్ళు, కాబట్టి వ్యాపారస్తులు, పాదిరీలు, అధికారులు కూడా వేయించుకోగలిగారు.

పీప్స్‌కి పోలిక అంతగా నచ్చలేదు, బట్టల నీలం రంగూ నచ్చలేదు, అయినా పనితనం మాత్రం అపురూపం అని ఒప్పుకున్నాడు. డబ్బు ఆ రాత్రే పంపించేశాడు.

ఆడవాళ్ళు వేయలేదా?

వేశారు. సుసానా పెనెలపి రోస్ గురించి తప్పకుండా తెలుసుకోవాలి. తండ్రి రిచర్డ్ గిబ్సన్ కూడా మినియేచర్ చిత్రకారుడే, ఎత్తు మూడడుగుల పది అంగుళాలు. మొదటి చార్లెస్ ఆస్థానంలో ఉండేవాడు, తనంత ఎత్తే ఉన్న ఆన్ షెపర్డ్‌ని పెళ్ళి చేసుకున్నాడు, తర్వాత రోజుల్లో యువరాణులు మేరీకి, ఆన్‌కి బొమ్మలు నేర్పాడు. కూతురు సుసానా కూపర్ బొమ్మల్ని చూసి నకళ్ళు తీస్తూ చేయి తిప్పుకుంది, భర్త నగల వ్యాపారి. ఆమె వేసిన కొన్ని చిన్న అసంపూర్ణ చిత్రాల్ని చాలాకాలం కూపర్‌వే అనుకున్నారు. అది మెప్పుగా తీసుకోవాలో, పేరు పోయిందని బాధపడాలో మీరే చెప్పండి. నాకైతే బాధే.

అన్నీ నీటిరంగులేనా?

కాదు. జెనీవా నుంచి వచ్చిన జాన్ పెటిటో 1630ల చివర్లో చార్లెస్ ఆస్థానంలో ఎనామెల్ ముఖాలు చేశాడు, లోహం మీద గాజుపొడి రంగుల్ని కొలిమిలో కాల్చి. అవి ఇవాళ్టికీ నిన్న చేసినట్టే ఉంటాయి. రాగి రేకు మీద తైలవర్ణాలతో వేసినవీ ఉన్నాయి. శతాబ్దం రెండో సగంలో పెన్సిల్ సీసంతో, అంటే గ్రాఫైట్‌తో, వెల్లం మీద గీసే ప్లంబేగో బొమ్మలు వచ్చాయి, డేవిడ్ లోగన్ లాంటివాళ్ళు అందులో మేటి.

ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. రాగి రేకు మీద ఒక ముఖం, దానితో పాటు పల్చటి అభ్రకం బిళ్ళలు ఓ కట్ట. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో వేషం, ఒక్కో జుట్టు, ముఖం ఉండాల్సిన చోట ఖాళీ. బిళ్ళని బొమ్మ మీద పెడితే అదే మనిషి కొత్త బట్టల్లో! గూడూరు వైపు వాళ్ళకి అభ్రకం ఎంత పల్చగా పొరలు పొరలుగా లేస్తుందో చెప్పక్కర్లేదు. ఇలాంటి వాటిలో మొదటి చార్లెస్‌వి ఉన్నాయి, వాటిలో చివరి బిళ్ళలు అతని మరణశిక్ష రోజువి. ఆడుకునే వస్తువులా మొదలై అక్కడ ఆగుతుంది.

మన గోల్కొండ చిత్రాలనీ మినియేచర్లే అంటారుగా, రెండూ ఒకటేనా?

మాట ఒకటే, వస్తువు వేరు. గోల్కొండవీ మొఘలులవీ కాగితం మీద వేసినవి, ముఖ్యంగా పుస్తకాల్లోనూ ఆల్బమ్‌లలోనూ ఉంచుకునేవి, వాటిలో ఎక్కువగా పక్కకి తిరిగిన ముఖం, నిలువెత్తు మనిషి. ఇంగ్లండ్‌వి మెళ్ళో వేసుకునేవి, తల భుజాలు మాత్రమే, ముఖం ముప్పావు మన వైపు తిరిగి ఉంటుంది. 17వ శతాబ్దం చివర్లో గోల్కొండ సుల్తానుల బొమ్మల్ని సెట్లు సెట్లుగా కొనుక్కుని యూరప్ తీసుకెళ్ళినవాళ్ళలో డచ్చివాళ్ళు ముందున్నారు, అంటే చూపులు రెండు వైపులా నడిచాయి.

ఈ రెండు లోకాలూ నిజంగా ఎదురుపడ్డ రోజు ఒకటుంది. ఇంగ్లండ్ రాయబారి సర్ థామస్ రో 1616లో అజ్మీర్‌లో జహంగీర్‌కి తన దగ్గరున్న ఒక ఇంగ్లిష్ మినియేచర్ చూపించాడు. ఇలాంటిది ఇక్కడెవరూ చేయలేరని రో ధీమా, మా చిత్రకారుడు చేస్తాడని జహంగీర్ పందెం. కొన్నాళ్ళకి రాత్రి పూట పిలిపించి, ఆరు బొమ్మలు ఒకచోట పెట్టి నీది ఏదో తీసుకోమన్నాడు. కొవ్వొత్తుల వెలుగులో రో వెంటనే పోల్చుకోలేకపోయాడు, కాసేపు తడబడి చివరికి తనది గుర్తుపట్టాడు. ఆ తడబాటు చూసి జహంగీర్ సంబరపడిపోయాడు. రో స్వయంగా రాసుకున్నాడు కాబట్టి నమ్మొచ్చు.

వజ్రాల సంగతి కూడా చెప్పాలి. బ్రిటిష్ మ్యూజియంలో లైట్ జ్యుయెల్ అని ఒక పెట్టె ఉంది, 1610 ప్రాంతంలో తన వంశవృక్షం తయారుచేసి ఇచ్చిన థామస్ లైట్‌కి జేమ్స్ రాజు ఇచ్చిన బహుమతి. లోపల రాజు మినియేచర్, మూత మీదా చుట్టూరా వజ్రాలు. ఆ కాలంలో యూరప్ చేరే వజ్రాలు దాదాపు అన్నీ భారతదేశం నుంచే, బ్రెజిల్ గనులు బయటపడింది 1720ల్లో. మన కృష్ణా తీరం గనులు అప్పట్లో ఎంత పెద్దవో తెలిసినవాళ్ళు ఆ పెట్టె ముందు కాసేపు ఎక్కువే నిలబడతారు. నేను నిలబడ్డాను.

కొన్ని ముఖాలు అంత తెల్లగా, దెయ్యాల్లా ఎందుకు ఉంటాయి?

వేసినప్పుడు అలా లేవు. బుగ్గల్లో పెదవుల్లో వేసిన లక్కలాంటి ఎరుపులు వెలుతురుకి వెలిసిపోయాయి. వెండి నల్లబడిపోయింది, ఒకప్పుడు తళతళలాడిన ముత్యాలు ఇప్పుడు మిరియాల్లా ఉంటాయి. అందుకే మ్యూజియం వాళ్ళు ఆ గదుల్ని అంత చీకటిగా ఉంచుతారు. ఒక్క నీటి చుక్క పడినా రంగు కరిగిపోతుంది. పైన పెట్టిన పాత గాజే కొన్నిసార్లు చెమ్మ పట్టి శత్రువవుతుంది.

ఎక్కడ చూడొచ్చు?

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, కేంబ్రిడ్జ్‌లో ఫిట్స్‌విలియం. మూడింటికీ ప్రవేశం ఉచితం. అక్కడ చదువుకుంటున్న పిల్లలెవరైనా ఇది చూస్తుంటే, దయచేసి ఒక్క సాయంత్రం కేటాయించండి. థేమ్స్ పక్కన హామ్ హౌస్‌లో గ్రీన్ క్లోజెట్ అని చిన్న గది ఉంది, అక్కడ వీటిని 17వ శతాబ్దంలో లాగే గోడకి దగ్గర దగ్గరగా తగిలించి ఉంచారు. చేతి భూతద్దం ఒకటి పట్టుకెళ్ళండి. ఒక గది మొత్తం తిరిగేయకుండా మూడో నాలుగో ఎంచుకుని ఒక్కోదాని దగ్గర పది నిమిషాలు ఉండండి, కళ్ళు ఆ చీకటికి అలవాటు పడటానికే ఐదు నిమిషాలు పడుతుంది.

ఆన్‌లైన్‌లో 17వ శతాబ్దం మినియేచర్లని అమ్ముతున్నారు, కొనొచ్చా?

తొందరపడొద్దు. నేను ఒకటి కొన్నాను, 1660ల నాటిదని రాశారు, పాత ఇత్తడి చట్రం, వంపు గాజు. ఇంటికొచ్చాక భూతద్దం పెడితే ముఖమంతా వరసగా అచ్చు చుక్కలు. అంటే ప్రింటు మీద కాస్త రంగు పూసింది. డబ్బు తిరిగి రాలేదు. ముందు ఫోటో పెద్దది చేసి చుక్కలు చూసుకోండి. దంతం మీద వేసింది అని ఉంటే అది 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌ది కాదు, అక్కడ దంతం మీద వేయడం మొదలైంది 1707 ప్రాంతంలో బెర్నార్డ్ లెన్స్‌తో. పైగా ఏనుగు దంతం కొనడం అమ్మడం మన దేశంలో నేరం, అసలా జోలికే వెళ్ళకండి.

ఇంత చిన్నవి కదా, పోయినవి ఎక్కువేనా?

చాలా. చార్లెస్ రాజు చిత్రాలన్నిటికీ కాపలాదారు అబ్రహాం వాన్ డెర్ డోర్ట్ అనే డచ్చివాడు, 1639లో ఒక్కో వస్తువుకీ సైజుతో సహా జాబితా రాసిన మనిషి. రాజు ప్రత్యేకంగా జాగ్రత్త చేయమన్న ఒక మినియేచర్ ఎక్కడ పెట్టాడో గుర్తు రాక, పోగొట్టానన్న భయంతో 1640లో ప్రాణం తీసుకున్నాడని చెబుతారు. అది తర్వాత దొరికిందట.

పీప్స్ భార్య ఎలిజబెత్ ఆ బొమ్మ చేతికొచ్చిన పదిహేను నెలలకి, 1669 నవంబర్‌లో, జ్వరంతో పోయింది. అప్పటికి ఆమెకి 29 ఏళ్ళు. పీప్స్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పోలిక కుదరలేదని అతననుకున్న ఆ కూపర్ బొమ్మ, నీలం బట్టలతో ఉన్నది, ఇప్పటివరకు ఎక్కడా దొరకలేదు.